చచ్చిన బోరు దగ్గర మాన్‌హైమ్

తనకల్లు మండలంలో ఎండిపోయిన ఒక బోరులోకి కెమెరా దించుతూ ఇమ్మానుయేల్ చనిపోయాడు.

బోర్లలోకి కెమెరా దించి చూపించడం అతని వృత్తి. రాయి ఎక్కడ పగిలి ఉందో, తేమ ఎక్కడ మిగిలి ఉందో రైతుకు చిన్న స్క్రీన్ మీద చూపించి, ఇంకా ఆశ పెట్టుకోవచ్చో లేదో చెప్పేవాడు. ఆ రోజు కేబుల్ అడుగుకు చేరినప్పుడు స్క్రీన్ మీద కనిపించింది రాయి కాదు, నీరూ కాదు. నునుపైన లోహపు సిలిండర్.

"ఏందప్పా ఇది, ఎవురో ఇనుప సామాను పడేసినారు," అంటూ అతడు కేబుల్‌ను కొద్దిగా కదిపాడు. సిలిండర్ పేలింది. అంత లోతులో, అంత ఇరుకు గొట్టంలో పేలుడుకు పైకి తప్ప మరో దారి లేదు. బోరు తుపాకి గొట్టమయింది.

రికార్డుల్లో అది జనరేటర్ ప్రమాదంగా నమోదయింది. ఇమ్మానుయేల్ భార్యకు కూడా అదే చెప్పారు. చెప్పిన అధికారి తర్వాత వెళ్ళి భోజనం చేశాడు.

*

అనంతపురంలో కలెక్టరేట్‌కు దగ్గరగా ఒక జిరాక్స్ షాపు ఉంది. కౌంటర్ దగ్గరి మనిషి తలెత్తకుండానే అడిగాడు.

"మీ వైపు మబ్బు పట్టిందా?"

"పట్టింది. వాన మాత్రం బళ్ళారికి పోయింది," అంది రూతు.

కోడ్ సరిపోయింది. అతడు వెనక గది తలుపు తీశాడు. లోపల జయచంద్ర ఉన్నాడు. ఇంటెలిజెన్స్ విభాగం రీజినల్ చీఫ్. రూతు సర్వీసులో చేరిన నాటికి అతడు స్కూలు పిల్లవాడు. ఇప్పుడు ఆమె రిటైర్మెంట్‌కు దగ్గర పడింది, అతడు ఆమె బాస్. విభాగంలో ఆడవాళ్ళ ప్రమోషన్ ఫైళ్ళు ఎందుకు నిలిచిపోతాయో ఎవరూ ఆమెకు వివరించలేదు. ఆమె అడగడం మానేసి చాలా కాలమయింది.

"తనకల్లు సిలిండర్ సీస్మిక్ సెన్సర్," అన్నాడు జయచంద్ర. "భూమి అదురు వినే చెవి. గురువారం పొద్దున ఆరున్నరకు రాష్ట్ర సరిహద్దు అవతల మన టెస్ట్ రేంజ్‌లో కొత్త రాకెట్ మోటారును మండించి చూస్తారు. ఈ పీఠభూమి కింద అంతా గట్టి రాయి. అక్కడ నేల అదిరితే ఇక్కడ రాతి లోపల వినబడుతుంది. ఆ అదురు రికార్డయితే మోటారు రహస్యమంతా వాళ్ళ చేతికి పోయినట్టే. దానికి ఎక్స్‌ప్లోజివ్ గార్డు కూడా ఉంది. ఏది తగిలినా పేలుతుంది. సెన్సర్‌కూ గార్డుకూ ఒకటే స్విచ్. ఒకటి ఆపితే రెండోది ఆగిపోతుంది."

"ఎవరి పని?"

"విదేశీ రింగ్. ఇక్కడి ఆపరేటర్ కోడ్ నేమ్ మాన్‌హైమ్. జర్మనీలో రైన్, నెకర్ నదులు కలిసే చోట ఉన్న పోర్టు సిటీ. అక్కడి నుంచి వచ్చిన కంటైనర్లన్నీ ఢిల్లీ డెస్క్ సోదా చేసింది. ఏమీ దొరకలేదు."

"మాన్‌హైమ్ ఒక సోషియాలజిస్టు కూడా, సార్."

"ఆ ఊరివాడా?"

"కాదు. బుడాపెస్ట్‌వాడు. ఊరికీ ఆయనకూ పేరు తప్ప మరే సంబంధమూ లేదు. సొంత ఊరు వదిలి జర్మనీకి, అక్కడ కూడా ఉండనివ్వకపోతే లండన్‌కు పోయినవాడు. మనిషికి ఏం తెలుస్తుందన్నది అతడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్న దాన్ని బట్టి ఉంటుందని వాదించినవాడు."

జయచంద్ర మర్యాదగా వాచీ చూసుకున్నాడు.

"వెతికేవాళ్ళకు ఊరూ మనిషీ కలగలిసి వేలకొద్దీ రిజల్ట్స్ రావాలని ఆ పేరు పెట్టుకుని ఉంటారు," అని రూతు ముగించింది. "పెట్టుకున్నవాళ్ళు ఆ రెండూ తెలిసినవాళ్ళు."

"డాక్టర్ హరితకు తెలుసు," అన్నాడు అతడు. "ఈ ఊరి వ్యాపారస్తుల కుటుంబం. ఎండిన బోర్ల మీద సోషల్ సర్వే చేస్తోంది. డబ్బిచ్చే విదేశీ ఫౌండేషన్ ఈ రింగ్ ముసుగు. అందులోకి ఆమెను పంపింది మనమే. ఆమె మన మనిషి. ఆమె చుట్టుపక్కలే మాన్‌హైమ్ తిరుగుతున్నాడు. మీరు ఆమె దగ్గర పనికి చేరాలి. మీరెవరో ఆమెకు చెప్పలేదు."

"ఇమ్మానుయేల్ కూడా మన మనిషేనా?"

"కాదు. అతడు ఎవరి మనిషీ కాదు."

జయచంద్ర బల్ల మీద చిన్న డబ్బా పెట్టాడు. అందులో చెవి మిషన్. ట్రాన్స్‌మిటర్, రిసీవర్, రికార్డర్ అన్నీ అందులోనే.

"చెవుడున్న పెద్దావిడ ముందు జనం దాచకుండా మాట్లాడతారు," అన్నాడు.

"చెవుడు లేకపోయినా మాట్లాడతారు," అంది రూతు. "పెద్దావిడైతే చాలు."

*

రిటైర్డ్ లెక్చరర్ పద్మావతమ్మగా, నుదుట బొట్టుతో, ఇస్త్రీ చేసిన నేత చీరతో రూతు హరిత ఆఫీసులో చేరింది. ఇంటర్వ్యూల రికార్డింగులు విని రాతలో పెట్టడం ఆమె పని.

హరిత జీపు దిగితే చూసేవాళ్ళు చేతిలో పని ఆపేవారు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, నల్లద్దాలు, ఎర్రమట్టిలో కూడా మాయని తెల్ల చొక్కా. ఆమె నవ్వు ఎదుటివాళ్ళను ఏదో గొప్ప రహస్యంలో భాగస్వాములను చేస్తున్నట్టు ఉండేది. సాయంత్రాలు ఆఫీసు మిద్దె మీద టీ పోసి రూతు ఎదుట కూర్చునేది.

"మేడమ్, చదువుకున్నవాళ్ళం ఏ వర్గానికీ చెందం. అన్నిటికీ పైన తేలుతుంటాం. అందుకే అన్ని వైపులా చూడగలం. మాన్‌హైమ్ అన్నది అదే కదా?" అంది ఒకరోజు.

"ఆయన అంత తేలిగ్గా అనలేదు," అంది రూతు. "ఆయన తేలలేదు. తరిమారు."

హరిత పకపకా నవ్వింది. "మీలాంటి వాళ్ళు దొరకడమే కష్టం, మేడమ్. ఈ ఊళ్ళో నేను ఎవరితో మాట్లాడాలి చెప్పండి."

ఆ మాట రూతుకు సూదిలా గుచ్చుకుంది. ఆమెకూ ఎవరూ లేరు. చాలా ఏళ్ళుగా ఆమె నివసించినవన్నీ అద్దె ఇళ్ళు, అరువు పేర్లు. పండగనాడు ఫోను మోగితే అది బ్యాంకు మెసేజ్. సొంత పేరుతో పిలిచేవాడు జయచంద్ర ఒక్కడే. అదీ డ్యూటీ అప్పగించేటప్పుడు. ఈ మిద్దె మీద, తనది కాని పేరుతో, నమ్మకూడని మనిషితో తాగే టీ కోసం తను సాయంత్రం దాకా ఎదురుచూస్తున్నదని గమనించి రూతు తనను తాను అసహ్యించుకుంది.

కాని పని ఆగలేదు. గోడ మీద హరిత గీసిన సర్వే మ్యాప్ ఉంది. అందులో జిల్లా అంతా చదరాలుగా విడిపోయి ఉంది. ఊళ్ళ పేర్లు లేవు. ప్రతి చదరానికీ ఒక అక్షరం, ఒక అంకె. మాన్‌హైమ్ నగరం నడిబొడ్డున వీధులకు పేర్లుండవు. ప్రతి బ్లాకుకూ ఇలాగే అక్షరం, అంకె ఉంటాయి. రూతు ఆ నగరంలో ఒక చలికాలం మరో పేరుతో గడిపింది. ఏ ఇంటికీ వీధి పేరు లేని ఊరు ఆమెకు అప్పుడు సుఖంగా అనిపించింది. ఈ మ్యాప్ గీసింది కూడా ఆ ఊళ్ళో నడిచిన మనిషే. తనకల్లు బోరు ఉన్న చదరం మీద చెరిపేసిన పెన్సిలు గుర్తు ఉంది. విడపనకల్లు వైపు ఒక చదరం మీద కొత్త గుర్తు.

మాన్‌హైమ్ హరిత చుట్టుపక్కల తిరగడం లేదు. హరితే మాన్‌హైమ్.

రికార్డింగుల్లో ఒక ప్రశ్న పదే పదే వచ్చేది. "ఎండిపోయిన బోరు దగ్గరికి మళ్ళీ పోతారా?" అన్ని గొంతులూ ఒకటే జవాబు చెప్పాయి. పోము. హరిత రిపోర్టు నలభయ్యో పేజీలో ఆ జవాబు సిద్ధాంతమయింది: విఫలమైన బోరు రైతుకు అవమానచిహ్నం, దాని దరిదాపులకు ఎవరూ వెళ్ళరు. రింగుకు కావలసిందీ అదే. ఎవరూ రాని గొయ్యి.

*

బుధవారం మధ్యాహ్నం హరిత జీపు విడపనకల్లు దాటి ఒక మెట్ట పొలంలో ఆగింది. దూరంగా గాలిమరలు తిరుగుతున్నాయి. నేలంతా కోసుగా ఉన్న ఎర్ర రాళ్ళు. పొలం మధ్య నేలకు జానెడు ఎత్తులో బోరు గొట్టం. దాని మూతికి ఒక సత్తు గిన్నె బోర్లించి ఉంది. హరిత గిన్నె తీసి పక్కన పెట్టి, నల్లటి సంచిలోంచి సిలిండర్ బయటికి తీసి, సన్నని తీగకు తగిలించి మెల్లగా లోపలికి దించింది.

"వాటర్ లెవెల్ లాగర్, మేడమ్," అంది గట్టిగా, చెవుడున్నవాళ్ళతో మాట్లాడినట్టు.

పక్క చేలోంచి ఒక నడివయసు ఆడమనిషి కొడవలితో వచ్చి నిలబడింది.

"ఎవురమ్మా మీరు? నా బోరు కాడ ఏం చేస్తాండారు?"

"సర్వే, అమ్మా. నీళ్ళ లోతు కొలుస్తున్నాం. నీ పేరేంటి?"

"కదిరమ్మ. ఆడ కొలిచేదానికి ఏముండాది? దుడ్లన్నీ దాంట్లో పోసి మా ఆయప్ప బెంగళూరికి కూలికి పోయినాడు. నీళ్ళూ రాలేదు, ఆయప్పా రాలేదు."

"నువ్వు దీని దగ్గరికి వస్తుంటావా?"

"నేనా? సచ్చిన బోరు కాడ నాకేం పని?" అని కదిరమ్మ కొడవలి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

హరిత తృప్తిగా తలూపింది. రూతు మాత్రం గొట్టం పక్కన నేల వైపు చూస్తోంది. అక్కడ గుప్పెడు గులకరాళ్ళు చిన్న కుప్పగా పోసి ఉన్నాయి. గుండ్రనివి, నున్ననివి. ఈ పొలంలో పుట్టినవి కావు. ఎండిన వంకలోంచి ఏరి తెచ్చినవి. గిన్నె కూడా శుభ్రంగా తోమి ఉంది. ఏ పనీ లేని చోట గిన్నె ఎవరు తోముతారు?

రూతు తండ్రి యేసన్న కూడా అలాంటి రాళ్ళే ఏరి తెచ్చేవాడు. తెల్లవారుతూనే ఎండిన బోరు దగ్గరికి పోయి ఒక రాయి వదిలి, నేల మీద బోర్లా పడుకుని, గొట్టానికి చెవి ఆనించేవాడు. నీళ్ళు ఊరి ఉంటే ఒక చప్పుడు, లేకపోతే మరో చప్పుడు. కోసు రాయి గోడలకు కొట్టుకుంటూ పోయి చప్పుడు చెడగొడుతుంది. అందుకే గుండ్రటి రాయి. గవర్నమెంటువాళ్ళు వచ్చి అడిగినప్పుడు ఆయన పిడికిట్లో రాయి దాచుకుని, "నేను యాల పోతానప్పా ఆడికి," అన్నాడు. పరాయివాళ్ళ ముందు ఆ ఆశ ఒప్పుకుంటే నవ్వుతారు. ఈ సీమలో ఎండిన బోరున్న ఏ ఇల్లూ దాన్ని ఒప్పుకోదు. రూతు అప్పుడు గడప దగ్గర నిలబడి అంతా చూసింది. ఈ ఉద్యోగానికి పనికొచ్చిన మొదటి పాఠం అదే.

రేపు తెల్లవారగానే కదిరమ్మ వస్తుంది. రాయి వదులుతుంది.

*

ఆ సాయంత్రం విడపనకల్లులో అద్దెకు తీసుకున్న ఇంట్లో, హరిత స్నానానికి వెళ్ళిన కాస్త వ్యవధిలో, రూతు చెవి మిషన్ నొక్కింది.

"సిలిండర్ దిగింది. లొకేషన్ పంపాను. మాన్‌హైమ్ హరితే."

చెవిలో జయచంద్ర గొంతు పలికింది. "ఖచ్చితంగా?"

"ఖచ్చితంగా."

"బాంబ్ స్క్వాడ్‌తో ఆరు గంటలకల్లా అక్కడ ఉంటాను. అప్పటిదాకా మీరు బోరు జోలికి పోకండి. ఆమెకు అనుమానం వస్తే తప్పించుకుంటుంది."

"సూర్యోదయానికే ఒక ఆడమనిషి అక్కడికి వస్తుంది, సార్. బోరులో రాయి వేస్తుంది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. రానని ఆమే చెప్పింది."

"మరి? ఎండిన బోరు దగ్గరికి ఎవరూ వెళ్ళరని రిపోర్టులో స్పష్టంగా ఉంది. పేజీ నలభై."

"ఆ రిపోర్టు రాసింది శత్రువు, సార్."

"శత్రువైనా మెథడాలజీ బాగుంది," అన్నాడు జయచంద్ర. లైన్ తెగింది.

కదిరమ్మది ఏ ఊరో రూతుకు తెలియదు. ఆ పొలం చుట్టూ మూడు ఊళ్ళున్నాయి. హరిత ఆ రాత్రి వీధి తలుపుకు అడ్డంగా మంచం వాల్చుకుని, ఉక్కపోత అంటూ పడుకుంది.

*

తెల్లవారుజామున పెరటి గోడ ఎక్కి దిగడం ఆ వయసులో ఎవరికీ గౌరవంగా ఉండదు. రూతు దిగింది. తూర్పు తెల్లబడేసరికి పొలం చేరింది. చుట్టూ మనిషి అలికిడి లేదు. గాలిమరల చప్పుడు తప్ప ఏమీ లేదు. గిన్నె పక్కకు జరిపి గొట్టం మూతి మీద రెండు చేతులూ దోసిలిగా ఆనించి కూర్చుంది. గిన్నెనైతే కదిరమ్మ లాగేస్తుంది. చేతులను అలా లాగలేదు.

చెవి మిషన్‌లో జయచంద్ర గొంతు. "రైల్వే గేటు దగ్గర ఆగిపోయాం. గూడ్స్ బండి."

జీపు ముందు వచ్చింది. హరిత దిగింది. ఒక చేతిలో ట్యాబ్లెట్, రెండో చేతిలో చిన్న పిస్తోలు.

"మీ చెవులు బాగానే పనిచేస్తున్నట్టున్నాయి, మేడమ్."

"కొంచెం సేపట్లో కదిరమ్మ వస్తుంది, హరితా. ఇందులో రాయి వేస్తుంది. నీ గార్డు పేలుతుంది. స్విచ్ ఆపు."

"ఎవరూ రారు. అందరినీ అడిగాను."

"అడిగావు," అంది రూతు. "అదే నీ పొరపాటు."

"లేవండి. మిమ్మల్ని కాల్చాలని నాకు లేదు. మీరొక్కరే నాతో మాట్లాడే మనిషి."

"నాతోనూ నువ్వొక్కదానివే మాట్లాడావు," అంది రూతు. అది నిజం. అయినా ఆమె చేతులు కదలలేదు.

అప్పుడే గట్టు మీదుగా కదిరమ్మ వచ్చింది. చీర కొంగులో ఏదో మూటగా బిగించి ఉంది. ఇద్దరు టౌను ఆడవాళ్ళను చూసి ఆగింది. ఒకరు బోరును చేతులతో మూసి కూర్చున్నారు. ఇంకొకరి చేతిలో తుపాకి. కదిరమ్మ ముఖంలో భయం రాలేదు. వెలుగు వచ్చింది.

"నీళ్ళు పడినాయా?"

"లేదు, కదిరమ్మా. ఈడికి రావద్దు. లోపల బాంబుండాది," అంది రూతు. పద్మావతమ్మ భాష ఆమె నోట్లోంచి ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియలేదు.

"నీళ్ళు పడకపోతే తుపాకి పట్టుకోని కాపలా యాల కాస్తారు? నా బోరులో నీళ్ళు పడితే నాకు చెప్పకుండా దాచాలని చూస్తాండారా?"

"అమ్మా, నిజంగా బాంబు," అంది హరిత. ఆమె గొంతు మొదటిసారి పలచబడింది.

"నిన్న కొలిచేదానికి వచ్చినామంటిరి. ఈ పొద్దు బాంబంటారు. రేపు రాకెట్టంటారు," అంటూ కదిరమ్మ వంగి కొంగులోంచి రాయి తీసి వదిలింది. అది రూతు అరచేతిలో పడింది. గుండ్రగా, చల్లగా, అరచేతికి అలవాటైన బరువుతో.

"చెయ్యి తియ్యి," అంది కదిరమ్మ. రెండో రాయి తీసి, పొలం పని చేసే భుజంతో రూతును పక్కకు నెట్టింది. గొట్టం మూతి తెరుచుకుంది. దాని మీద కదిరమ్మ చెయ్యి, వేళ్ళ చివర రాయి.

హరిత పిస్తోలు ఆమె వైపు తిప్పింది.

"కాల్చు," అంది రూతు నేల మీంచి. "ఆమె పడిపోయినా రాయి కిందికే పడుతుంది. నువ్వు ఇక్కడే ఉన్నావు. ఈసారి పైన తేలడం లేదు."

హరిత కదిరమ్మ వేళ్ళను చూసింది. గొట్టం పక్కన ఉన్న రాళ్ళ కుప్పను చూసింది. దాని అర్థం ఆమెకు అప్పుడు తెలిసింది. పిస్తోలు జారవిడిచి రెండు చేతులతో ట్యాబ్లెట్ మీద కోడ్ కొట్టింది. స్క్రీన్ మీద ఎర్ర గుర్తు ఆరిపోయింది.

కదిరమ్మ రాయి వదిలింది.

ముగ్గురూ విన్నారు. చాలా సేపటి తర్వాత, చాలా లోతు నుంచి, ఖంగున ఒక చప్పుడు.

"ఏంది, ఇనుము పడినట్లుండాది," అంది కదిరమ్మ నిరాశగా. "నీళ్ళు కాదు."

"కాదు, కదిరమ్మా," అంది రూతు.

ఆరున్నర అయింది. కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. గొట్టం పక్కన ఒక గులకరాయి దొర్లింది. సరిహద్దు అవతల ఏదో విజయవంతమయింది. ఈ పీఠభూమిలో దాన్ని వినే చెవి ఏదీ లేదు.

*

స్క్వాడ్ వచ్చేసరికి హరిత జీపు మెట్టు మీద చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. వ్యాన్ ఎక్కే ముందు రూతు వైపు తిరిగింది.

"మీ అసలు పేరేమిటి, మేడమ్?"

రూతు చెప్పలేదు. చెప్పాలనిపించింది. వ్యాను దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడింది. ఆ సాయంత్రం మిద్దె మీద టీ ఉండదు.

జయచంద్ర రైల్వే గేటు గురించి ఎవరూ అడగకుండానే వివరించాడు. తర్వాత ఫైల్ కోసం సాక్షి వాంగ్మూలం అవసరమయింది. నోట్‌ప్యాడ్ తీసి కదిరమ్మ ఎదుట నిలబడ్డాడు. ఆమె కొంగు మూటలో మిగిలిన రాళ్ళు కదిలితే చప్పుడయ్యేవి. అందుకని మూటను పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"అమ్మా, నువ్వు రోజూ ఈ బోరు దగ్గరికి వస్తుంటావా?"

"నేనా?" అంది కదిరమ్మ. "సచ్చిన బోరు కాడ నాకేం పనప్పా?"

రూతు తన చేతిలోని రాయిని పిడికిట్లో మూసింది. జయచంద్ర ఆ జవాబును అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు.